మన కాళ్ళ కింది నేలను కొలిచినవాళ్ళు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, బడి జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు చానామంది ఉండారు. నువ్వు నీ ఉద్యోగం సంగతి ఏమన్నా చెప్పు" అన్నాడు. నా ఉద్యోగమంతా భూగర్భజలాల కొలతలతోనే గడిచింది. కొలతల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే వినేవాళ్ళు నిద్రపోతారు. కాబట్టి కొలతలు కాక, కొలిచినవాళ్ళ గురించి చెబుతాను. మన ఊళ్ళు, కొండలు, ఏర్లు ప్రభుత్వం పుస్తకాల్లోకి మొదటిసారి ఎట్లా ఎక్కాయి, ఎవరు ఎక్కించారు, ఎందుకు ఎక్కించారు అనేది నా విషయం. చివర్లో ఈ సంఘాన్ని ఒకటి అడుగుతాను. అందుకు ఇప్పుడే సిద్ధంగా ఉండండి.

మన ఊరు కుందూ లోయలో ఉంది. పడమర ఎర్రమలలు, తూర్పున నల్లమలలు. మధ్యలో నల్లరేగడి. దీన్ని మనం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం కాబట్టి ఇందులో చూడాల్సింది ఏముందనిపిస్తుంది. అయితే గత రెండు వందల ఏళ్ళలో ఈ నేలను పని పెట్టుకుని చూడడానికి మూడు రకాల మనుషులు వచ్చారు. మొదట శిస్తు కోసం వచ్చారు. తర్వాత నీళ్ళ కోసం వచ్చారు. ఆ తర్వాత రాళ్ళ కోసం వచ్చారు.

శిస్తు కోసం వేసిన గొలుసు

1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. నంద్యాల, కర్నూలు వైపు 1839 దాకా నవాబు పాలన ఉన్నా, కోయిలకుంట్ల వైపు మన పల్లెలు అప్పుడే కంపెనీ కిందికి వెళ్ళాయి. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఆయన పంపిన మనుషులు 33 అడుగుల గొలుసు పట్టుకుని పొలం పొలం కొలిచారు. 33 అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. మాగాణి ఏది, మెట్ట ఏది, తోట ఏది అని వేరు చేసి రాశారు. భూమి తరగతి నిర్ణయించడానికి కరణాన్ని, రెడ్డిని, ఊరి రైతులను పక్కన పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో వచ్చిన రెవెన్యూ రికార్డులన్నిటికీ తాత అదే.

మన్రో మంచివాడని మన సీమలో పేరు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. మంచి చెడ్డల సంగతి పక్కన పెడితే, ఆ సర్వే అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పొలం మీద ఎంత శిస్తు వేయవచ్చు? ఆ ప్రశ్నకు సరిపోయినంత మేరకే నేలను చూసింది. పొలం పైభాగం కనపడితే చాలు, రెండు మట్ల కింద ఏముందో దానికి అక్కరలేదు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ ఇంకో రకంగా చూశాడు. ఆయన పటాలు గీసే అధికారే. కానీ పటంతో పాటు ఊరి కథ కూడా కావాలన్నాడు. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు ఏలూరు వాళ్ళు. వాళ్ళూ, వాళ్ళ కింది గుమాస్తాలూ ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న కవిలెలు చూసి, ముసలివాళ్ళను అడిగి కైఫీయతులు రాయించారు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ కాలువ ఎప్పుడు పూడింది, ఏ ఊరు కరువుకు పాడుపడింది అన్నవి వాటిలో దొరుకుతాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను పుస్తకాలుగా అచ్చు వేసింది. తెలుగు సార్లకు నా మనవి: పదో తరగతి పిల్లల చేత వాటిలో నాలుగు పేజీలన్నా చదివించండి.

నీటి మట్టం చూసినవాళ్ళు

నీటి సర్వే అనగానే కాటన్ దొర పేరు చెబుతాం. ఆయన కంటే యాభై ఏళ్ళ ముందు మైఖేల్ టాపింగ్ అనే ఆయన ఉన్నాడు. కృష్ణా, గోదావరి నీళ్ళను పొలాలకు మళ్ళించవచ్చా అని ఆ ప్రాంతమంతా సర్వే చేశాడు. 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టించాడు. తర్వాతి కాలంలో గిండీ ఇంజినీరింగ్ కాలేజీగా పెరిగింది అదే. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. ఆయన కొలతలు కాగితాల మీదే ఉండిపోయాయి. 1832-33లో నందన కరువు వచ్చి గుంటూరు సీమ శ్మశానమయింది. కాటన్ నివేదిక 1840లలో వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కొలతకూ పనికీ మధ్య యాభై ఏళ్ళు గడిచిపోయాయి.

మన వైపు సంగతి దీనికి తిరగబడింది. ఇక్కడ పని ముందు జరిగింది, కొలవాల్సినది కొలవలేదు. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్‌లో 1858లో ఒక ప్రైవేటు కంపెనీ పెట్టారు. దాని పది లక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి ఐదు వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది. అదే మన కె.సి. కెనాల్. ఇంజినీర్లు వాలు చూశారు, మట్టాలు చూశారు, పడవలు నడవడానికి లాకులు కట్టారు. రైతును మాత్రం చూడలేదు. నల్లరేగడిలో ఒక మంచి వాన పడితే జొన్న పండుతుంది, పత్తి పండుతుంది. రేగడి తేమను పట్టుకుంటుంది. అట్లాంటి రైతు డబ్బు కట్టి కాలువ నీళ్ళు ఎందుకు తీసుకుంటాడు? అనుకున్న ఆయకట్టు రాలేదు. ఖర్చు మాత్రం అంచనా దాటిపోయింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది.

ఈ రోజు మన లోయ బతుకుతున్నది ఆ కాలువ మీదే. కాబట్టి కాలువ తప్పని నేను అనడం లేదు. నేల వాలును సెంటీమీటరు లెక్కన కొలిచినా, ఆ నేల మీద ఉన్న మనిషి ఏం చేస్తాడో అడగకపోతే సర్వే సగమే అయినట్టు. ఇంతే నేను చెప్పేది.

బొగ్గు కోసం పుట్టిన శాఖ

ఇక రాళ్ళ సంగతి. నేను చదువుకున్న చదువు ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన దక్షిణ దేశంలో మొదటి భూవిజ్ఞాన అధికారి అనదగినవాడు హెన్రీ వోయిసీ అనే డాక్టరు. లాంబ్టన్ నడిపిన గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వేలో 1818లో చేరాడు. హైదరాబాదు చుట్టూ రాళ్ళు పరిశీలించాడు, మన బనగానపల్లె వజ్రాల గనుల గురించి రాశాడు. 1824లో కలకత్తాకు పోతూ దారిలోనే చనిపోయాడు. ఆ రోజుల్లో ఇది ఒక మనిషి ఉత్సాహం మీద నడిచిన పని.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1851లో పుట్టింది. థామస్ ఓల్డ్‌హామ్ ఆ మార్చిలో కలకత్తాలో దిగాడు. కంపెనీకి కావలసింది బొగ్గు. ఆవిరి పడవలకు బొగ్గు కావాలి, రాబోయే రైళ్ళకు బొగ్గు కావాలి. ఎక్కడుందో చూపించు అన్నారు. ఓల్డ్‌హామ్ ఏమన్నాడంటే, ఇక్కడ ఒక గుంత, అక్కడ ఒక గుంత చూసుకుంటూ పోతే లాభం లేదు, దేశమంతా పొర పొరనా వరసగా పటం గీయాలి, అప్పుడే ఏది ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండదో తెలుస్తుంది అన్నాడు. త్వరగా లాభం చూపించమనే ప్రభుత్వంతో ఆయన పదవిలో ఉన్నన్నాళ్ళూ ఈ వాదులాట తప్పలేదు. మన అదృష్టం కొద్దీ ఆయన మాటే చాలావరకు నెగ్గింది.

మద్రాసు రాజధానికి పంపిన జట్టులో ఇద్దరి పేర్లు మనం గుర్తుంచుకోవాలి. 1857లో చేరిన విలియం కింగ్, 1858లో చేరిన రాబర్ట్ బ్రూస్ ఫూట్. వానలు తగ్గాక గుడారాలు, ఎద్దుబండ్లు వేసుకుని బయల్దేరేవారు. ఎండలు ముదిరేదాకా తిరిగేవారు. వానాకాలంలో కూర్చుని రాసేవారు. చేతిలో సుత్తి, దిక్సూచి, పొర ఎంత వాలి ఉందో చూసే చిన్న పరికరం. సున్నపురాయా కాదా అని చూడడానికి ఆమ్లం సీసా. రాయి మీద చుక్క వేస్తే బుసబుస పొంగితే సున్నపురాయి. ఈ పరీక్ష మన సైన్సు ల్యాబులో ఇప్పటికీ చేయవచ్చు.

కింగ్ పుస్తకం 1872లో అచ్చయింది. కడప, కర్నూలు శిలాసమూహాల మీద మూడు వందలకు పైగా పేజీలు. ఇందులో బొగ్గు లేదు. ఉండదు కూడా. మన రాళ్ళు నేల మీద మొక్కలు పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందు సముద్రం అడుగున పేరుకున్నవి. అడవి లేనిదే బొగ్గు ఎక్కడిది? తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళని ఇప్పుడు లెక్క కట్టారు. కింగ్ కాలంలో వయసు కొలిచే పద్ధతే లేదు. రేడియోధార్మికత అనేది ఒకటుందని తెలిసిందే 1896లో. ఏ పొర మీద ఏ పొర ఉంది, ఏది ఎక్కడ తెగిపోయింది అన్నది కళ్ళతో చూసి, కాళ్ళతో నడిచి వరస పెట్టాడు. ఆ వరసను తర్వాతివాళ్ళు అక్కడక్కడ సవరించారు గాని, పునాది ఇప్పటికీ ఆయనదే.

ఆయన పెట్టిన పేర్లు వినండి. అడుగున పాపాఘ్ని సముదాయం. దాని పైన చెయ్యేరు సముదాయం, నల్లమల సముదాయం, కృష్ణా సముదాయం. వాటి మీద కర్నూలు రాళ్ళు. పొరల పేర్లలోకి వస్తే వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, కంభం, శ్రీశైలం, బనగానపల్లె, ఔకు, నార్జి, పాణ్యం, నంద్యాల, కోయిలకుంట్ల. అన్నిటికంటే అడుగు పొర పేరు ఇంగ్లీషు పుస్తకాల్లో గుల్చెరు అని ఉంటుంది. అది ఎక్కడిదో అనుకుంటారు. పాలకోవా కోసం బస్సు ఆపుకునే మన గువ్వలచెరువే! ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలోనైనా భారతదేశపు పాత శిలల పాఠం చెప్పాలంటే ఈ ఊళ్ళ పేర్లు పలకక తప్పదు. మన పిల్లలు కోయిలకుంట్ల అంటే బస్టాండు అనుకుంటారు. అది ఒక సున్నపురాయి పేరు కూడా అని చెప్పండి.

తిరుమల ఘాట్ రోడ్డు మీద పోయేటప్పుడు అడుగున గ్రానైటు, దాని నెత్తిన పరుపులు పరుపులుగా ఎర్రటి రాయి కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య గీత గీసినట్టు ఉన్నచోట కోట్లాది ఏళ్ళ విరామం ఉంది. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. ఈసారి కొండకు పోయినప్పుడు ఒక్కసారి అటు కూడా చూడండి.

బ్రూస్ ఫూట్ మరో రకం మనిషి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆదిమానవుడి రాతి పనిముట్టు గుర్తించాడు. మన దేశపు పూర్వచరిత్ర పరిశోధన అక్కడే మొదలయిందంటారు. 1883-84లో బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలను కొడుకుతో కలిసి తవ్వి, పాతకాలపు జంతువుల ఎముకలు బయటికి తీశాడు. బెలుం గుహల గురించి మొదట రాసిందీ ఆయనే. తర్వాత వందేళ్ళు వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 1982-83లో జర్మను పరిశోధకులు వచ్చి లోపలంతా కొలిచారు. 3,229 మీటర్లని తేల్చారు. ఇప్పుడు మనం టికెట్టు కొనుక్కుని లోపలికి పోతున్నాం.

వెదికింది ఒకటి, పనికొచ్చింది ఒకటి

కింగ్ ఇక్కడ బొగ్గు చూపించలేదు గాని, ఆ తర్వాత గోదావరి లోయకు పోయినప్పుడు ఇల్లెందు దగ్గర బొగ్గు పొర గుర్తించాడు. సింగరేణి చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరుతో కంపెనీ ఏర్పడింది. ఓల్డ్‌హామ్ చెప్పింది ఇదే. ఎక్కడ లేదో తెలిసినవాడికే ఎక్కడ ఉంటుందో తెలుస్తుంది.

మన వైపు రాళ్ళు వేరే విధంగా అన్నం పెట్టాయి. నార్జి సున్నపురాయి అంటే మన నాపరాయి. ఈ బడి వరండాలో మనం కూర్చున్న బండలు, బేతంచెర్ల నుంచి దేశమంతా పోయే బండలు, సిమెంటు ఫ్యాక్టరీల్లోకి పోయే రాయి అంతా దాని కుటుంబమే. మంగంపేట ముగ్గురాయి ప్రపంచంలోని పెద్ద నిల్వల్లో ఒకటి. కింగ్ వేంపల్లె అని పేరు పెట్టిన పొరలో, తుమ్మలపల్లె దగ్గర ఇప్పుడు యురేనియం తవ్వుతున్నారు. ఆయన రోజుల్లో యురేనియంతో కరెంటు తీయవచ్చని ఎవరికీ కలలో కూడా లేదు. అక్కడి రైతులు తమ బోర్ల నీళ్ళు పాడయ్యాయని ఫిర్యాదు చేస్తున్నారన్నదీ మీరు పేపర్లలో చూసే ఉంటారు. నిజాయితీగా గీసిన పటం గీసినవాడు ఊహించని పనులన్నిటికీ వస్తుంది. అందులో మేలు ఉంటుంది, కీడు ఉంటుంది. రెండింటిలో ఏది అన్నది పటం చెప్పదు, పటం చేతిలో ఉన్నవాళ్ళు నిర్ణయిస్తారు.

ఆ పుస్తకాల్లో లేనివాళ్ళు

ఈ సర్వే పుస్తకాలు ఎన్నిసార్లు తిరగేసినా నాకు ఒక లోటు కనిపిస్తుంది. కింగ్‌కు నల్లమలలో దారి చూపించిందెవరు? ఆ కొండల్లో చెంచులు తప్ప దారి తెలిసినవాళ్ళు లేరు. బనగానపల్లెలో వజ్రాల పొర ఎంత లోతున తగులుతుందో వోయిసీకి చెప్పిందెవరు? తరతరాలుగా అక్కడ గుంతలు తవ్విన కూలీలు. ఇప్పటికీ తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెదుకుతారు. నేలను చదవడం మనవాళ్ళకు దొరలు నేర్పిన విద్య కాదు.

దీనికి రాతి సాక్ష్యం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని. శాసనంలో మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు, ఆరు దోషాలు చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, అడుగు నేల గట్టిగా ఉండాలి, తీపినీటి ఏరు మూడు యోజనాల దూరం నుంచి రావాలి, కట్ట కొండల మధ్య ఇమడాలి, పొడవాటి రాయి దొరికే గని దగ్గర్లో ఉండాలి. ఇక దోషాలు: కట్ట నుంచి నీళ్ళు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద కట్టడం, చెరువు మధ్యలో మిట్ట ఉండడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. ఇది భూవిజ్ఞాన సర్వే కాదంటారా? రెండు రాజ్యాల సరిహద్దు అన్నమాటకు ఇప్పటి నీటి తగాదాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అంత తెలివి ఉన్న సీమలోనే, కింగ్ పుస్తకం అచ్చయిన నాలుగేళ్ళకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కల్లో 9 లక్షల 59 వేలు. 1881 లెక్కల్లో 7 లక్షల 9 వేలు. ప్రతి నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. అప్పటికి శిస్తు సర్వే ఉంది, కాలువ ఉంది, రాళ్ళ పటం ఉంది. ఆ పటాలన్నీ ఎవరి బల్ల మీద ఉన్నాయి, ఏ ప్రశ్న కోసం గీశారు అన్నది ముఖ్యమని నేను ఇంతసేపు చెబుతున్నది ఇందుకే. శిస్తు ఎంత, బొగ్గెక్కడ, కాలువకు లాభమెంత అన్నవి ప్రభుత్వం ప్రశ్నలు. కరువు సంవత్సరం మా ఊరికి ఎన్ని నీళ్ళున్నాయి అన్నది మన ప్రశ్న. దాన్ని ఏ సర్వే అడగలేదు.

మన లెక్క మనం రాసుకోవాలి

స్వాతంత్ర్యం వచ్చాక ఆ ప్రశ్న కొంతవరకు అడిగారు. కేంద్ర భూగర్భజల బోర్డు వచ్చింది, రాష్ట్రంలో భూగర్భజలాల శాఖ వచ్చింది. పరిశీలన బావులు పెట్టి ఏడాదికి కొన్నిసార్లు మట్టం కొలుస్తున్నారు. కానీ ఒక మండలానికి పరిశీలన బావులు వేళ్ళ మీద లెక్కపెట్టే అన్నే ఉంటాయి. మన నేలలో రెండు బోర్ల మధ్య నూరడుగులుంటే చాలు, కథ మారిపోతుంది. ఎందుకంటే మన రాయికి ఇసుకలాగా ఒంటినిండా నీళ్ళు ఉండవు. నాపరాతిలో నీళ్ళు పగుళ్ళలో, సున్నం కరిగిన సందుల్లో ఉంటాయి. సందు తగిలితే ధార, తగలకపోతే దుమ్ము. పలకరాతిలో ఉండేదే తక్కువ. గ్రానైటు వైపు పోతే, పైన చివికిన మొరుసులో ఉన్నదే పొదుపు సొమ్ము. కింద అక్కడక్కడ చీలికలు తప్ప వట్టి బండ. పక్కవాడికి మూడు వందల అడుగుల్లో పడ్డాయి కదా అని మనం ఐదు వందలు వేస్తే పడాలనే నియమం ఏమీ లేదు. టెంకాయ అరచేతిలో నిలబెట్టి తిరిగేవాళ్ళను నమ్మి చేను తాకట్టు పెట్టిన కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి. వాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళకు ఇంకో కాగితం చూపించినవాళ్ళు లేరు.

ఒక చిన్న లెక్క చెబుతాను, లెక్కల సార్లు సరిచూడండి. మన దగ్గర ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. ఒక ఎకరం మీద పడే నీరు సుమారు 24 లక్షల లీటర్లు. గట్టిరాతి నేలలో అందులో పదో వంతు, అటూ ఇటూగా, కిందికి ఇంకుతుంది. అంటే 2 లక్షల 40 వేల లీటర్లు. ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు పెడతాం. అంటే 48 లక్షల లీటర్లు. బోరు కింద ఒక ఎకరం వరి పండాలంటే ఇరవై ఎకరాల ఇంకుడు నీళ్ళు కావాలి. మిగతా పందొమ్మిది ఎకరాలు ఎవరివి? పక్కవాళ్ళవి. వాళ్ళకూ బోర్లున్నాయి. ఈ లెక్క నేర్పడానికి ఎనిమిదో తరగతి గణితం చాలు.

ఈ లెక్క రైతులు తమంతట తాము వేసుకున్నారు కూడా. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, అందులో మన జిల్లా ఒకటి, రైతులే వానను, బావి మట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయదలచిన పంటలకు కావలసినవి ఎన్ని అని బడ్జెట్టు వేసుకునే పథకం నడిచింది. ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. అంకెలు గోడ మీద రాశారు. చూసినవాళ్ళలో చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసుకున్నారు. పథకం డబ్బు అయిపోయాక చాలాచోట్ల రాయడం ఆగిపోయింది. డబ్బు లేక ఆగింది అంటారు. నా లెక్కలో, రాసే అలవాటున్న శాశ్వతమైన చోటు ఊళ్ళో లేక ఆగింది.

అట్లాంటి చోటు ఊళ్ళో ఒకటే ఉంది, బడి. ఇక్కడ రోజూ హాజరు వేస్తారు. యాభై ఏళ్ళ కిందటి అడ్మిషన్ రిజిస్టరులో మన పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే ఈ సంఘాన్ని మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, బడి ఆవరణలో ఒక వర్షమాపకం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఇద్దరు పిల్లలు చూసి రాయాలి. రెండు, ఊరి నాలుగు వైపులా పది బావులు, బోర్లు ఎంచుకుని, మే నెల చివర ఒకసారి, నవంబరులో ఒకసారి, మోటార్లు వేయకముందే మట్టం కొలవాలి. బావికైతే కొనకు బరువు కట్టిన టేపు చాలు. బోరుకు కొలిచే పరికరం నేను తెచ్చిస్తాను. మూడు, ఊళ్ళో ప్రతి బోరుకు ఒక వరస: ఎవరి చేను, ఏ సంవత్సరం, ఎన్ని అడుగులు, ఎంత లోతున ఏ రాయి వచ్చింది, నీళ్ళు ఎక్కడ తగిలాయి, ఎప్పుడు ఎండింది. ఎండినవి కూడా రాయాలి. ఎక్కడ లేదో తెలియడం ఎంత విలువైనదో ఇందాకే విన్నారు. మన పూర్వ విద్యార్థుల్లో బోరు లారీలు నడిపేవాళ్ళున్నారు. వాళ్ళ నోట్ల పుస్తకాల్లో ఉన్న సమాచారం ఏ ఆఫీసులోనూ లేదు. అమెరికాలో, బెంగుళూరులో కంప్యూటర్ల మీద పనిచేసే తమ్ముళ్ళు ఆ వరసలను పటం మీదికి ఎక్కించగలరు. జియలాజికల్ సర్వే పటాలు ఇప్పుడు భూకోశ్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. కింగ్ గీసిన పొరల మీద మన ఊరి బోర్లు చుక్కలుగా పెట్టి చూడండి. మొదటి ఏడాది ఏమీ అర్థం కాదు. ఐదేళ్ళకు కొంచెం అర్థమవుతుంది. పదేళ్ళకు ఆ పుస్తకం చూడకుండా ఈ ఊళ్ళో ఎవరూ బోరు వేయరు.

ఖర్చు ఈ రోజు మన భోజనాలకయినంత కూడా కాదు. కావలసింది ఒక మంచి బైండు పుస్తకం, దాన్ని పట్టించుకునే ఒక సారు, ఏడాదికి రెండుసార్లు ఊరికి వచ్చే నలుగురు. ఆ నలుగురిలో మొదటి పేరు నాది రాసుకోండి. మే నెలలో కొలతకు వస్తాను. ఎండ ఎక్కువని వంక చెప్పేవాళ్ళు గొడుగు తెచ్చుకోండి.